నీళ్లు చల్లిన రిజిస్టరు

కరోనాకు రెండేళ్ల ముందు వేసవిలో నన్ను బొగ్గు యార్డులో నీళ్లు చల్లే పనికి మార్చారు. నేను కాంట్రాక్టు కూలీని. వ్యాగన్ల నుంచి బొగ్గు దించేటప్పుడు దుమ్ము లేవకుండా గొట్టంతో తడపాలి. డ్యూటీ దిగేముందు సూపర్‌వైజరు రిజిస్టరులో ఏదో రాసి నా వేలిముద్ర వేయించుకునేవాడు. నాకు చదువు రాదు. ఇది కూడా నేను చెబుతుంటే పక్కింటి సుగుణ రాస్తోంది.

ఎగువన గనిని పెద్దది చేశారు. ఒక రైలు వచ్చే చోట మూడు రైళ్లు రావడం మొదలైంది. గొట్టం మాత్రం అదే. పైగా దానికి నీళ్లొచ్చే కాలువను వేసవిలో కట్టేస్తారు, ఇక గొట్టంలో గాలే. నీళ్లు లేవని చెబితే సూపర్‌వైజరు, “నీకు హాజరు పడాలా వద్దా మరియమ్మా? ముద్ర వెయ్యి ముందు” అనేవాడు. హాజరే అనుకుని వేసేదాన్ని.

ఆ దుమ్ము మా పేటలో ఆరేసిన గుడ్డల మీదా పడింది, మా ఆయన ఊపిరితిత్తుల్లోనూ పడింది. బొగ్గు కాల్చేకొద్దీ ఎండలు ముదురుతాయని టీవీలో చెబుతారు. ఆ ఎండలో నిలబడేదీ మేమే.

మరుసటి ఏడాది ఇంకో యార్డు వేస్తామని సభ పెట్టారు. మా ఆయన దగ్గుతూనే లేచి, ఉన్న దుమ్ము సంగతేమిటని అడిగాడు. ఆఫీసరు రిజిస్టరు తెప్పించి చదివాడు. “వేసవంతా రోజూ నీళ్లు చల్లడమైనది. ఇదిగో, మీ పేట మనిషే వేలిముద్ర వేసింది. మరియమ్మ ఎవరండీ?”

మా ఆయన నా వైపు చూశాడు. మాట అన్నది సుగుణే. “ఏం వదినా, మా కళ్లల్లో దుమ్ము కొట్టి, నీళ్లు చల్లానని రాయించావా?”

నేను లేచాను. “కాలువ కట్టేసిన నెలల్లో నీళ్లెక్కడివండీ? ఆ యార్డు మొత్తం మీద తడి ఉందంటే మీ ఇంకు ప్యాడులోనే ఉందండీ.”

జనం నవ్వారు. ఆఫీసరు నా మాట రాసుకోలేదు. రిజిస్టరే నిలిచింది, యార్డు వచ్చింది. దాని మొదటి రైలు రాకముందే మా ఆయన పోయాడు.

గని తవ్వినవాళ్లు, రైళ్లు పెంచినవాళ్లు, నీళ్లు ఇవ్వనివాళ్లు, వీళ్లెవరి వేలూ ఆ రిజిస్టరులో లేదు. నాది ఉంది. అప్పటి నుంచి చదివించుకోనిదే ఏ కాగితం మీదా వేలు పెట్టను. దీన్ని సుగుణ చేత రెండుసార్లు చదివించాను. ఇందులో ఉన్నది జరిగింది. వేస్తున్నాను.