తెర మీద లేని అమ్మాయి

జూబ్లీహిల్స్‌లో ఒక మేడ కింద సెల్లారులో, కిటికీల్లేని బూడిదరంగు గదిలో నా ఉద్యోగం. సినిమాలకు రంగులు దిద్దుతాను. ఎండలో తీసిన షాటూ, మబ్బు పట్టాక తీసిన షాటూ ఒకే పూట తీసినట్టు కనిపించాలంటే మా గదికి రావాలి. ఈ పనిలో పదకొండేళ్ళు గడిచాయి. అందులో తొమ్మిదేళ్ళు ఒకే కెమెరామన్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. ఆయన్ని సార్ అనేదాన్ని. కాకినాడ వైపు మనిషి. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి, శ్రీనగర్ కాలనీలో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయారు. నా తెలంగాణ యాసలోని 'గాడ', 'గీడ' మాటలకు నవ్వేవారు. మనిషి ముఖం ముందు సరిచెయ్యి, ఆకాశం సంగతి తర్వాత చూద్దాం అని నేర్పింది ఆయనే.

ఆ రోజు మధ్యాహ్నం పెళ్ళిపందిరి సీను దిద్దుతున్నాం. తెరకు ఎడమ మూల ఉత్త గోడ, దాని ముందు ఒక అరటిబోదె. అంతే.

"ఆ మూల పచ్చపావడా అమ్మాయి మరీ వెలిగిపోతోందమ్మా. కాస్త తగ్గించు" అన్నారు సార్.

నేను షాటు ఆపి, దగ్గరికి లాగి చూశాను.

"గాడ ఎవరూ లేరు సార్."

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అవును, లేదులే, పద అన్నారు. ఆ వారంలోనే మరో రెండుసార్లు అలా జరిగింది. ఒకసారి ఖాళీ వీధిలో తలపాగాల డప్పులవాళ్ళు కనిపించారు ఆయనకు. ఇంకోసారి హీరోయిన్ ముఖం మీద అల్లిక జాలీలాంటి నీడ పడిందన్నారు. అలాంటి నీడేదీ లేదు.

ఇంకా కొన్ని గమనించాను. ఆయన తెరకు ఎదురుగా కాక కొంచెం పక్కకు తిరిగి కూర్చుంటున్నారు. టీ కప్పు ఎక్కడుందో వేళ్ళతో తడిమి ఎత్తుతున్నారు. ఎవరి చొక్కా గుండీ ఎంత మెరుస్తోందో చూసి బతికేదాన్ని నేను. ఇవన్నీ చూసి కూడా వీటికి అర్థమేమిటని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆయన్ని అడగనూ లేదు.

అడగకుండా వేరేచోట చెప్పాను. ప్రొడక్షన్ మేనేజర్ మా గదికి వచ్చి, పని ఎందుకింత ఆలస్యమవుతోంది, పెద్దాయనకు ఏమైనా అయిందా అని ఆరా తీశాడు. చెప్పమని ఎవరూ నా పీక మీద కూర్చోలేదు. సినిమా చెడితే ఆ తప్పు నా మీదికి వస్తుందన్న భయం ఉంది. దాని వెనక, ఈయన తర్వాత ఈ గదిలో నా మాటే చెల్లుతుందన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ లేదనుకుని ఇన్నాళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. పచ్చపావడా అమ్మాయి సంగతీ, డప్పులవాళ్ళ సంగతీ వివరంగా చెప్పాను.

మేనేజర్ ఆశ్చర్యపోలేదు. "దిమాగ్ ఖరాబైనట్టుంది మేడమ్. ఎర్రగడ్డ కేసు" అన్నాడు. పిచ్చాసుపత్రి ఉన్నది ఎర్రగడ్డలోనే; ఈ ఊళ్ళో ఆ మాట అంటే అర్థం అందరికీ తెలుసు.

పది రోజుల్లో, మిగిలిన పావు సినిమా షూటింగుకు ఇంకో కెమెరామన్ వచ్చాడు. సార్‌కు ఒంట్లో బాగాలేదని నాకు చెప్పారు. నేను కొత్తాయన పక్కన కూర్చుని పని కొనసాగించాను. ఫిల్మ్ నగర్‌లో ఏ ఆఫీసుకు వెళ్ళినా, టీ తాగుతూ ఎవరో ఒకరు ఆయన పేరెత్తి, కణత దగ్గర వేలు తిప్పి చూపించేవాళ్ళు. అందులో ఇద్దరు ఆయన వల్లే పైకొచ్చినవాళ్ళు.

ఆ మాట ఇంటిదాకా వెళ్ళింది. ఆయన భార్యను నేను ఆంటీ అంటాను. ఆవిడ భయపడిపోయి ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మాత్రలు రాసిచ్చాడు. సార్ పగలంతా మగతగా పడి ఉండేవారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఎందుకంటే నాలుగు నెలలు నేను ఆ గుమ్మం తొక్కలేదు. పని ఒత్తిడి అని చెప్పుకున్నాను. అసలు కారణం మొహం చెల్లకపోవడం.

చివరికి ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. సార్ బాల్కనీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. మనిషి సగమయ్యారు. ఎలా ఉన్నారని అడిగాను. ఆంటీ వంటింట్లోకి వెళ్ళాక గొంతు తగ్గించి అన్నారు: "మాత్రలు వేసుకున్నా వస్తున్నారమ్మా. ఇదిగో, నీ పక్కన నిలబడి ఉంది ఒకావిడ, జరీ చీర. పలకరు, శబ్దం చెయ్యరు. వాళ్ళు లేరని నాకు తెలుసు. తెలిసి కూడా కనిపిస్తున్నారు. చెప్పడం మానేశాను, అంతే."

లేరని తెలిసినవాడికి పిచ్చి ఏమిటి అని అప్పుడు అనిపించింది నాకు. తెరకు పక్కగా కూర్చోవడం, టీ కప్పు తడమడం గుర్తొచ్చి, పేపర్లో పెద్ద అక్షరాల వార్త ఒకటి చదవమన్నాను. ఆయన పేపరు పక్కకు జరిపి, తల వంచి, చదవలేక మడిచేశారు. అప్పుడు బయటపడింది. ఎడమకన్ను ఎప్పుడో పాడైంది. కుడికంట్లో కూడా, ఏడాదిగా నడిమధ్య ఒక మచ్చ పెరుగుతోంది. మొదట్లో గుమ్మాలు వంకరగా కనిపించేవట. కళ్ళు కనబడని కెమెరామన్‌ను ఎవరు పిలుస్తారని ఇంట్లో కూడా చెప్పలేదు.

మర్నాడే ఇద్దర్నీ కారెక్కించుకుని కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పరీక్షలన్నీ అయ్యాక మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. వైద్యం చదివాక కొన్నాళ్ళు పరిశోధనలో, ఎలుకల మెదళ్ళలో చూపుకు సంబంధించిన నరాల తీగలు ఎటు నుంచి ఎటు పోతాయో చూసే పని చేసిందట.

"కన్ను పంపింది మెదడు వెనకభాగానికి చేరుతుంది, అక్కడి నుంచి పై ప్రాంతాలకు వెళ్తుంది. ఒకచోట రంగు, ఒకచోట కదలిక, ఇంకోచోట ముఖం. ఇంతవరకే అందరూ అనుకుంటారండీ. కానీ పై నుంచి కిందికి తిరిగొచ్చే తీగలు కూడా తక్కువేం కాదు. ఎలుకల్లోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. అక్కడ ఏముండాలో పై ప్రాంతాలు కిందికి చెబుతూనే ఉంటాయి" అంది.

నా పని ఏమిటో తెలుసుకుని నాకు అర్థమయ్యేలా ఒక ఉదాహరణ చెప్పింది. తెల్లచొక్కా నీడలో నీలంగా ఉన్నా మనకు తెల్లగానే అనిపిస్తుంది కదా, అలా అనిపించడంలో ఆ పై నుంచి వచ్చే మాటకూ వాటా ఉండొచ్చంది. కన్ను పనిచేస్తున్నంతకాలం పై మాటనూ కింది మాటనూ మెదడు సరిచూసుకుంటుంది. కింది నుంచి ఏమీ రాకపోతే, పై ప్రాంతాలు తమంతట తామే బొమ్మలు కడతాయి. అలా జరుగుతుందని తాము అనుకుంటున్నామే తప్ప, పూర్తిగా ఎవరికీ తెలియదని కూడా అంది. చూపు తగ్గినవాళ్ళలో ఇది కొత్తేమీ కాదట. చాలామంది తమను పిచ్చివాళ్ళంటారని భయపడి దాచుకుంటారట.

"అంటే ఈయనకు మతి బాగానే ఉందా?" అని ఆంటీ అడిగారు.

బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఆంటీ తలెత్తి ఎవరి వంకా చూడలేదు. నాలుగు నెలల మాత్రలు ఆవిడే లెక్కపెట్టి మింగించారు.

ఆ తర్వాతి మాట అంతకన్నా కష్టమైంది. కుడికంటి లోపల రక్తం కారుతోంది. ముందే వచ్చి ఉంటే కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చి చాలావరకు ఆపగలిగేవాళ్ళు. ఇప్పుడక్కడ మచ్చ గట్టిపడింది. మిగిలింది కాపాడటానికి చూద్దాం అంది. ఎప్పుడొచ్చి ఉంటే బాగుండేదని సార్ అడిగారు. నాలుగైదు నెలల కిందట అని ఆమె చెప్పింది. పచ్చపావడా అమ్మాయి కనిపించిన రోజులవి. ఆ రోజే నేను అడిగి ఉంటే, మా గది నుంచి నేరుగా ఈ ఆసుపత్రికి వచ్చేవాళ్ళం.

ఆ వారమే ఫిల్మ్ నగర్ ఆఫీసుకు వెళ్ళి మేనేజర్‌కు అంతా చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు.

"పిచ్చి గాదంటే మంచిదే మేడమ్. గని కండ్లు లేవు గదా. కెమెరామన్‌కు ఏది పోయినా ఒకటే" అన్నాడు.

 కనీసం టైటిల్స్‌లో సార్ పేరైనా సరిగ్గా వేయమన్నాను. ముప్పావు సినిమా తీసింది ఆయనే. సినిమా విడుదలయ్యాక చూస్తే, ముందు కొత్తాయన పేరు ఒక్కటే ఉంది. సార్ పేరు చివర్లో, హాల్లో దీపాలు వెలిగి జనం లేచి పోతున్నప్పుడు, కృతజ్ఞతల వరసలో, భోజనాలు వండినవాళ్ళ కింద వచ్చింది. రంగులు అద్భుతంగా ఉన్నాయని పేపర్లు రాశాయి. ఆ పొగడ్తలో నాకూ భాగం ఇచ్చారు. తీసుకున్నాను.

సినిమా వచ్చిన వారానికి వెళ్ళి, మేనేజర్‌కు చెప్పింది నేనేనని సార్‌తో ఒప్పుకున్నాను.

"తెలుసమ్మా. ఆ గదిలో ఉన్నది మనిద్దరమే కదా" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పక్కనే కూర్చున్నావు. నన్నే అడగొచ్చుగా" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. వీధి తలుపు దాకా వచ్చిన ఆంటీ, ఇకమీదట ఫోన్ చేసి రమ్మన్నప్పుడే రా అమ్మా, నువ్వొచ్చి వెళ్ళిన రోజు ఆయన అన్నం సరిగా తినరు అన్నారు.

బొమ్మలు ఇప్పుడు తగ్గాయట. ఆయన గోడ పట్టుకుని ఇంట్లో నడుస్తారు. చుక్కల మందు అయిపోయినప్పుడు ఆంటీ ఫోన్ చేస్తారు. నేను కొని తీసుకెళ్ళి, కింద వాచ్‌మన్ చేతికిచ్చి వస్తాను. పైకి రమ్మని ఇంతవరకు అనలేదు.