ముల్లు చెప్పని వేడి

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా మామయ్యకు బ్యాటరీలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆయన భార్య, అంటే మా మేనత్త, ఆ ఊళ్లోనే పంతులమ్మ. జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాక, రోజూ ఎవరో ఒకరు ఆమెను బడికి ఎత్తుకెళ్లాల్సి వచ్చేది. తనంతట తాను పోలేని బడి తనకొద్దని అత్తయ్య మొండికేసింది. ఆమె మొండితనం అందరికీ తెలిసిందే. చివరికి మామయ్యే బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి కట్టాడు.

బండి నిదానంగా పోవడానికి, కరెంటును తెంపి తెంపి మోటారుకు పంపే పెట్టె పెట్టాడు. ముందర, ఎంత కరెంటు పోతోందో చూపే ముల్లు మీటరు ఉండేది. ముల్లు ఎప్పుడూ కిందే, నిలకడగా ఉండేది. దాన్ని నమ్మి ఆయన సన్నటి తీగలు వేశాడు. మొదటిరోజు అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. నేను ముల్లును చూసి మురిసిపోతుంటే కాలిన వాసన వచ్చింది. వెంట నడుస్తున్న మామయ్య బండి ఆపించి, నా వేలిని తీగకు తాకించాడు. చురుక్కుమంది.

"ముల్లు అబద్ధం సెప్పలే బిడ్డా. కరెంటు జోరుగ ఉరుకుతది, ఆగుతది, మల్ల ఉరుకుతది. గా జోరుకే తీగ కాగుతది. ముల్లు గంత జల్ది ఊగలేదు, నడిమిట్ల నిలబడతది. బ్యాటరీ ఎంత ఖర్చయిందో గదే సెప్తది. తీగ ఎంత కాగిందో మాత్రం చెయ్యి వెట్టి సూసుకోవాలె."

లావు తీగలు వేశాక అత్తయ్య ఆ బండిలోనే బడికి వెళ్లింది. ఎలా ఉన్నావని ఎవరడిగినా "బాగనే ఉన్న" అనేది. ఆ మాట విని మామయ్య నిమ్మళంగా దుకాణానికి పోయేవాడు. ఒకనాడు బడి నుంచి వస్తూ ఆమె బండిలోనే ఒరిగిపోయింది. గుండె ఎప్పుడో చెడిందని, ఆయాసంతో చాలా బాధపడి ఉంటుందని దవాఖానలో డాక్టరు అన్నాడు. చెబితే బడి మాన్పిస్తామని దాచుకుంది. అయినా ఆమెది అబద్ధమనలేను, పిల్లల మధ్య ఉన్నంతసేపు ఆమె నిజంగానే బాగుండేది. మామయ్య ఆమె చల్లటి చెయ్యి పట్టుకుని, "తీగలన్నీ ముట్టి సూసిన, నిన్ను సూడకపోతి" అని ఏడ్చాడు. ఆ ఏడుపు నాకింకా వినిపిస్తుంది.

ఇప్పుడు కోదాడలో నా మనవడు కరెంటు స్కూటరు నడుపుతాడు. అన్నీ తెర మీదే కనిపిస్తాయి కదా నానమ్మా అంటాడు. నేను వైర్లు తడిమి చూస్తే నవ్వుతాడు. బాగున్నానని వాడు ఎంత చెప్పినా నాకు చాలదు. ఇంటికి రాగానే వాడి నుదుటి మీద చెయ్యి పెడతాను. మామయ్య ఆనాడు తీగ మీద పెట్టించిన చెయ్యే అది. అత్తయ్య మీద ఎవరమూ పెట్టలేదు.