ఆబిడ్స్ మిద్దెల మీంచి మేఘాల చదువుకు

పదో తరగతి రెండుసార్లు తప్పాను. మూడో ఏడు తప్పలేదు, పరీక్షకే వెళ్లలేదు కాబట్టి. అలా చదువు పీడ నాకూ, నా పీడ బడికీ ఒకేసారి వదిలాయి. నాంపల్లిలో ఏసీలు బాగుచేసే దుకాణంలో చేరి పద్నాలుగేళ్లు ఊరి గాలి చల్లబరిచాను.

ఏసీల బయటి యూనిట్లు మిద్దెల మీద ఉంటాయి. ఒక మధ్యాహ్నం ఆబిడ్స్‌లో ఐదంతస్తుల మిద్దె మీద ఉన్నాను. ఎదురుగా కనిపించే బషీర్‌బాగ్‌లో కుండపోత, నా నెత్తిన మండే ఎండ. ఇలా ఎందుకని, నాకు పని నేర్పిన ఉస్తాద్‌ను అడిగాను.

"నీకెందుకురా, ముందుగాల గా ఫ్యాన్ విప్పు" అన్నాడు.

ఫ్యాన్ విప్పాను గానీ ప్రశ్న వదల్లేదు. దాని వెంటపడి ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్, ఆపైన సాయంత్రం కాలేజీలో ఫిజిక్స్ డిగ్రీ పూర్తిచేశాను. ముప్పై దాటాక వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకు వెళ్లాను, సీటు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ పిలుపొచ్చింది. ఈసారీ పోతే ఇక దుకాణమే అని ఇంట్లో మాటిచ్చి బయల్దేరాను.

పోయినేడు నన్ను ఇంటర్వ్యూ చేసిన మేడమే కూర్చున్నారు. "పైకి లేచిన గాలి ఎందుకు చల్లబడుతుంది?" అని అడిగారు.

ఇంత తేలికా అనుకున్నాను. "మా ఏసీల లెక్కనే మేడం. ఒత్తిడి మీదున్నది సన్న గొట్టం దాటంగనే చల్లవడ్తది."

"మీ గొట్టంలో ద్రవం ఆవిరవుతుంది కాబట్టి చల్లబడుతుంది. పైకి పోయే గాలిలో ఆ ద్రవమేది?"

మేడం పెన్నుకు మూత పెట్టారు. ఆ మూత అర్థం నాకు పోయినేడే తెలిసింది.

పైపుల్లో లీకులు పట్టడానికి మేం నైట్రోజన్ ఎక్కిస్తాం. ఆ సిలిండర్ గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం మేడం. నైట్రోజన్ సిలిండర్ల ద్రవముండదు, ఉత్త గ్యాసే. గబగబ వదిల్తె సిలిండరే చల్లవడ్తది. లోపల మిగిలింది విచ్చుకుంట, ముందున్నదాన్ని బయటికి నెడ్తది. గా నెట్టే పనికి తన వేడినే ఖర్చు పెడ్తది. గాలి గూడ గంతే. పైన ఒత్తిడి తక్కువ, విచ్చుకుంట చుట్టుపక్కల గాలిని నెడ్తది."

మేడం మూత తీశారు. "ఏ పుస్తకంలో చదివారిది?"

"చదవలేదు మేడం. చెయ్యి పెట్టి చూసిన."

ఫలితాల జాబితాలో నా పేరు పైనుంచి నాలుగోది. దొరకడానికి కొంచెం ఆలస్యమైంది, అలవాటు కొద్దీ కిందినుంచి వెతికాను మరి. అది ఇంట్లో చూపించి, నేరుగా నాంపల్లి దుకాణానికి వెళ్లి ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"ఉస్తాద్, ఇగ నాకు గదులు గిదులు లేవు. మొత్తం ఆకాశమే నా డ్యూటీ."

ఉస్తాద్ నన్ను గట్టిగా వాటేసుకుని, ఆ దుమ్ముచేతులతోనే వీపు మీద ఒక్కటి చరిచాడు.

"మంచిదే. గని ఆకాశం ఖరాబైతే నిన్నెవరు పిలుస్తర్రా? ఎండకాలం సెలవులకు వచ్చి ఆబిడ్స్ ఏసీల సంగతి చూడు."