అక్క పలకల మీద గెట్

మా చిన్నప్పుడు... మార్కాపురంలో మా ఇంట్లో ఏ మూల చూసినా పలకలే. అమ్మ పలకల ఫ్యాక్టరీలో రాయి అరగదీసే పనికి పోయేది. మూల విరిగినవి, అమ్మకానికి పనికిరానివి ఇంటికి తెచ్చేది. మా నీళ్ల కుండ మీద మూత కూడా పలకే...

ఆ ఏడు అక్క పదో తరగతి. ఇంగ్లీషంటే వణుకు. ఒకరోజు ఇంగ్లీషు సారు "గెట్ అనే మాట ఒక్కటి వంటబట్టిందంటే సగం ఇంగ్లీషు వచ్చినట్టే" అన్నాడట. పిల్లలకు ధైర్యం చెప్పడానికి అన్న మాట. మా పిచ్చి అక్క దాన్ని గట్టిగా పట్టుకుంది.

గైడు ముందేసుకుని ఒక్కో వాడుకా ఒక్కో పలక మీద రాసి ఇల్లంతా పెట్టింది. మంచం పక్కన గెట్ అప్... లేవడం. గడప దగ్గర గెట్ ఇన్... లోపలికి రావడం. పొయ్యి దగ్గర గెట్ హాట్... వేడెక్కడం. అమ్మ పడుకునే చోట గెట్ వెల్... నయం కావడం. అమ్మకు అప్పటికే రాతిదుమ్ము దగ్గు.

"ఏందే ఇది, ఇల్లంతా బడి చేసినావు" అని విసుక్కుంటూనే, అక్షరాలు చెరగకుండా పలకలు జరిపి ఊడ్చేది అమ్మ. "నువ్వు పాసై కాలేజీకి పోవాల. ఈ దుమ్ము నాతోనే ఆగిపోవాల" అనేది. నాయన లేని ఇల్లు మాది. పది తప్పితే అక్క కూడా ఫ్యాక్టరీకేనని అందరికీ తెలుసు.

అక్క పద్యాలు చదవలేదు, పాఠాలు చదవలేదు. "మరి మిగతా సగం ఎట్లక్కా?" అని అడిగాను. "సగమొస్తే పాసే కదమ్మే" అంది.

పరీక్షలో గెట్ ఒక్కచోట వచ్చింది, ఒక్క మార్కుకు. ఆ మార్కు అక్కకు వచ్చింది. మళ్లీ కట్టింది, మళ్లీ తప్పింది. ఆ తర్వాత ఒక పొద్దున అమ్మ వెనకాలే క్యారేజీ పట్టుకుని పోయింది. నేను ఏడుస్తూ పలకలన్నీ తడిగుడ్డతో తుడిచేశాను. సాయంత్రం అక్క దుమ్ముకొట్టుకున్న జుట్టుతో వచ్చి చూసి, "తుడిచినావా... మంచిపని చేసినావు" అంది. అంతే.

అమ్మ ఆ దగ్గుతోనే పోయింది. ఇప్పుడు అదే దగ్గు అక్కకు. తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు.

మొన్న మా పాప హోంవర్కులో గెట్ వచ్చింది. గోడకానుకుని కూర్చున్న అక్క అన్నీ వరసగా అప్పజెప్పింది. మధ్యలో దగ్గు తెర అడ్డొస్తే ఆగింది, మళ్లీ అందుకుంది. ఒక్కటీ తప్పు పోలేదు.

"పెద్దమ్మా, నీకు ఇంగ్లీషు వచ్చా?" అంది పాప ఆశ్చర్యంగా.

"ఇదొక్కటే వచ్చు తల్లీ. ఎవురితోనూ అనే పని పడలేదు" అంది అక్క.

ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకల్లేవు, అన్నిటికీ ఫోనే... మీ ఇంట్లోనూ చదువు సగంలో ఆగిన అక్క ఉంటే, ఆమెకు ఇంకా ఏం గుర్తుందో అడిగి ఇక్కడ రాయండి. ఇన్నేళ్లలో మా అక్కను ఎవరూ అడగలేదు... నేను కూడా.