యాడీ అని ఏడ్చిన పిల్ల

నా చిన్నప్పుడు ఖాజాగూడలో అద్దాల మేడలు లేవు. బండలు, చెరువు, వాటి మధ్య మేకలు నడిచే దారి, అంతే. ఎండాకాలం సాయంత్రాలు ఆ బండల మీద వెల్లకిలా పడుకుంటే వీపు కింద వేడి, ముఖం మీద చల్లగాలి. నిద్రో మెలకువో తెలిసేది కాదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందుగా ఆ వేడే గుర్తొస్తుంది.

అలాంటి ఒక సాయంత్రం చెరువుగట్టున మూడు నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా నిలబడి "యాడీ, యాడీ" అని ఏడుస్తూ కనిపించింది. మా ఊళ్లో యాడ అంటే ఎక్కడ అని అర్థం. దారి తప్పి, ఇదెక్కడని అడుగుతోంది కాబోలు అనుకున్నాను. "గిది ఖాజాగూడనే" అని అన్నీ తెలిసినదానిలా చెప్పాను. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. చెవిటివాళ్లకు చెప్పినట్టు అరిచి మళ్లీ చెప్పాను. చివరికి నేనూ నా తోటిపిల్లలూ ఆ మాటనే పాటలా సాగదీసి నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ సిగ్గే. పొద్దు గుంకుతోంది. ఆ పిల్ల ఒక్కొక్క అడుగే నీళ్లవైపు పోతోంది.

రాళ్లు కొట్టే పని ముగించుకుని అటుగా వస్తున్న మా తాతయ్య గబగబా వచ్చి పిల్లను భుజాన వేసుకున్నాడు. నన్ను తిట్టలేదు. "ఏడ్సెటోళ్లు ఊరి పేరు అడుగుతరా బిడ్డా? లంబాడి భాషల యాడీ అంటే అమ్మ" అన్నాడు.

రోడ్డు పనికి వచ్చిన లంబాడీల గుడిసెలు బండల అవతల ఉన్నాయి. అటు నడుస్తూ, ఈ పిల్ల మాట మనలా ఎందుకు లేదని అడిగాను. తాతయ్యకు అంత సందు దొరికితే చాలు. పడుచుతనంలో ఆయన ఎక్కడో అడవికొండల్లో పనిచేశాడట. అక్కడ ఒక కొండకు ఒక భాష, పక్క కొండకు ఇంకొకటి. ఏడాది పొడుగునా వానలు, దుంపలు, పండ్లు. తిండి కోసం వాగు దాటి ఎవరినీ అడగాల్సిన అవసరం లేదు కనుక ఎవరి మాట వారి దగ్గరే ఉండిపోయిందని ఆయన అభిప్రాయం.

"మన దిక్కు వానదేవుడు జర పిసినారి. గింజల కోసం ఊరూరు తిరగాలె. తిరిగితే మాటలు కలుస్తయి."

మరి లంబాడీలూ తిరిగేవాళ్లే కదా, వాళ్ల మాట ఎందుకు కలిసిపోలేదన్నాను. తాతయ్య నవ్వాడు.

"కలుస్తది, ఎందుకు కలవదు? బజార్ల మన మాటే మాట్లాడ్తరు. పిల్లలతోని మాత్రం ఇంటి మాటే. ఇల్లు ఇడిసి వచ్చినోళ్లు గదొక్కటన్న ఎంట తెచ్చుకోవద్దా?"

గుడిసెల నుంచి ఒకామె పరుగెత్తుకొచ్చింది. పిల్ల తాతయ్య భుజం మీంచే "యాడీ" అని చేతులు చాచింది. ఆమె పిల్లను గుండెకు హత్తుకుని తాతయ్యతో ఏదేదో చెబుతూ ఏడ్చింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు ఆ గుడిసెల చోట మేడలు లేస్తున్నాయి. ఏయే రాష్ట్రాల నుంచో వచ్చిన కూలీల పిల్లలు మా గేటు ముందు ఆడుకుంటారు. వాళ్ల మాటలు నాకు రావు. ఏ పిల్లయినా పడి ఏడిస్తే మాత్రం, ఏ భాష అని అడగను. ఎత్తుకుని వాళ్లమ్మను వెతుక్కుంటూ పోతాను.