ఎర్ర దీపం, నల్ల దారం

పుష్పావతి కుట్టిన జాకెట్టు వీపు మీద ముడత పడిందని కురుగోడులో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనే ధైర్యమూ ఎవరికీ లేదు. బస్టాండు వెనక సందులో ఆమె ఇల్లు. గోడకు అటువైపు ఆమె తోడికోడలు సౌభాగ్య ఇల్లు. ఆమె కుట్టేదీ జాకెట్లే. అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకుంటే, ఆడవాళ్ళిద్దరూ కుట్టుమిషన్లను ఆ గోడకే చెరోవైపు ఆనించుకున్నారు. అటు మిషను మోగుతున్నంతసేపూ ఇటుది ఆగదు. గుడ్డ లేకపోయినా పుష్పావతి ఖాళీ మిషను తొక్కుతూనే ఉంటుంది, తనకూ చేతినిండా పని ఉందని అటు వినపడాలి కదా!

ఇట్లా సమానంగా నడుస్తున్న సంసారాల్లో సౌభాగ్య ముందుగా ఫైబర్ నెట్ పెట్టించింది. డిజైన్లన్నీ టీవీలో పెద్దవిగా కనిపిస్తుంటే ఆడవాళ్ళు అటే పోసాగారు. పుష్పావతి ఫోనులో చూపించే వీపు డిజైను బొటనవేలంత ఉండేది. ఆమెకు అన్నం సయించలేదు. భర్త పంపాపతి ట్రాక్టరు దిగి ఇంట్లోకి వస్తే చాలు, నీళ్ళకన్నా ముందు నెట్టు సంగతి ఎత్తేది. చివరికి ఆయనే విసిగి, కనెక్షన్లు ఇచ్చే సిద్దేశ్‌ను పిలుచుకొచ్చాడు.

సిద్దేశ్ టీవీ పక్కన తెల్ల డబ్బా బిగించి, మిగిలిన సన్నటి వైరును పళ్ళెమంత చుట్టగా చుట్టి మేకుకు తగిలించాడు.

"అక్కా, దీన్ని ఇట్లే వదిలేయ్. మడవొద్దు. దీంట్లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. వైరు మడిస్తే వెలుతురు ఆడే నిలిచిపోతాది."

పుష్పావతి తలాడించింది. ఆ సాయంత్రమే సౌభాగ్య చూడవచ్చి, బుగ్గన వేలు పెట్టుకుని, "అబ్బా! నాదానికన్నా ఎంత చెన్నాగుండాదక్కా!" అని వెళ్ళింది.

ఆ మాట విన్నాక ఇల్లాలు ఊరికే కూర్చుంటుందా? పైగా ఆ వైరు చుట్ట వేలాడుతుంటే దర్జీ కంటికి నలుసులా ఉంది. మిగిలిన లేసును రోజూ ఎట్లా దాస్తుందో అట్లాగే దాన్ని నాలుగు వేళ్ళకు చుట్టి, మధ్యకు మడిచి, దిష్టి తగలకుండా దాని నడుముకు నల్ల దారం గట్టిగా బిగించింది. ముడి పడీపడగానే డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. పుష్పావతి మురిసిపోయింది. దారం పని మొదలుపెట్టిందని ఆమె లెక్క. సౌభాగ్య డబ్బాకు ఈ దీపం ఎప్పుడూ చూడలేదు మరి!

తెల్లారి టీవీ పెడితే తెర మీద చక్రం తిరుగుతోంది తప్ప బొమ్మ రాదు. మధ్యాహ్నానికి సంగనకల్లు నుంచి రంజిత వాళ్ళు పెళ్ళి జాకెట్లకు వస్తామన్నారు. టీవీలో చూసే ఎంచుకుంటామనీ చెప్పారు. ఇక్కడ బొమ్మ రాకపోతే వాళ్ళు పక్క గడపే తొక్కుతారు. పుష్పావతి సిద్దేశ్‌కు ఫోను కొట్టింది.

"యాడుండావప్పా? నెట్టు రాల్యా!"

"చోరనూరులో ఉండానక్కా, స్తంభం మీద. డబ్బా మీద ఏ దీపం మండుతాండాది?"

"ఎర్రది. బలే మండుతాండాది, దేవుని గూట్లో మాదిరి."

"అయ్యో, అది మండకూడదక్కా! వెలుతురు లోపలికి రాలేదని అది చెప్తాండేది. ఆఫ్ చేసి ఆన్ చేసినావా?"

"చేసినా. మళ్ళీ ఎర్రగానే."

"సరి. సౌభాగ్యక్క ఇంట్లో డబ్బా చూసి రాపో. ఆడా ఎర్రగుంటే తప్పు స్తంభం కాడ, రేపు నేనే వస్తా. ఆడ పచ్చగుంటే తప్పు మీ ఇంట్లోనే."

"ఇంకేం దారి ల్యాదా?"

"ల్యాదక్కా."

దేవుడా, అక్కడా ఎర్రగా ఉండనీ అని మొక్కుకుంటూ పుష్పావతి తోడికోడలి గడప తొక్కింది. హుక్కులు కావాలంది. చూపు మాత్రం టీవీ పక్కకే పోయింది. డబ్బా మీద దీపాలు పచ్చగా, రెప్ప కొట్టకుండా వెలుగుతున్నాయి. పక్కన మేకుకు నల్ల దారంతో ఎండు మిరపకాయలు వేలాడుతున్నాయి.

"హుక్కులు కుట్టుపెట్టెలో ఉంటాయక్కా, టీవీ మీద కాదు," అంది సౌభాగ్య.

నెట్టు రాలేదని పుష్పావతికి చెప్పక తప్పలేదు. సౌభాగ్య సంతోషం దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంజిత వాళ్ళు వస్తున్నట్టు ఆమెకూ తెలుసు. ఊరకుంటే గిరాకీ తన ఇంటికే వస్తుంది. కానీ అక్క ఇంట్లో ఏం చెడిందో కళ్ళారా చూడాలన్న ఆత్రం గిరాకీ ఆశకన్నా పెద్దది. మిషను మీది గుడ్డ అట్లాగే వదిలేసి వెంట వచ్చింది.

వచ్చీరాగానే వైరు చుట్ట ఆమె కంట పడింది.

"ఇదేందక్కా, ఈ నల్ల దారం? ఎవరికి కట్టినావు?"

"ఎలుకలకు," అంది పుష్పావతి.

"ఎలుకలకు నల్ల దారమా?"

"నీ గోడకు మిరపకాయలు ఎవరికో?"

సౌభాగ్య కాసేపు పైకప్పు చూసింది. "బల్లులకు."

ఇద్దరూ నవ్వలేదు. నవ్వితే ఒప్పుకున్నట్టే కదా. సౌభాగ్య కత్తెర అందుకోబోతే, "వైరు తెగుతాది!" అని పుష్పావతి కెవ్వుమంది. సిద్దేశ్ మడవొద్దన్నది అప్పుడు గుర్తొచ్చి, తనే గోళ్ళతో ముడి విప్పి, వైరును మళ్ళీ పళ్ళెమంత చుట్టగా వదులు చేసి మేకుకు తగిలించింది. ఎర్ర దీపం ఆరింది. పక్కన పచ్చది కాసేపు మిణుకుమిణుకుమని కుదురుకుంది. టీవీలో చక్రం పోయి, వీపున నెమలి ఉన్న జాకెట్టు గోడంతగా పరుచుకుంది.

మధ్యాహ్నం రంజిత ఆ నెమలి జాకెట్టునే ఎంచుకుని, గుడ్డలన్నీ పుష్పావతి ఒడిలో పెట్టింది. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపూ అటు మిషను చప్పుడు లేదు. పుష్పావతికి అర్థమైంది. తలుపు వైపు చూస్తే, గడప అవతల చీర కుచ్చిళ్ళు కనపడ్డాయి.

"రావే బల్లీ, లోపలికి రా," అంది.

"వస్తాండా ఎలకమ్మా," అంటూ సౌభాగ్య వచ్చి టీవీకి ఎదురుగా కూర్చుంది.

రంజితకు ఏమీ అర్థం కాలేదు. నల్ల దారం మాత్రం ఇప్పుడు పుష్పావతి ఇంట్లోనూ వైరుకు దూరంగా, వేరే మేకుకు వేలాడుతోంది. అవతలి ఇంట్లో కన్నా మిరపకాయలు కాస్త ఎక్కువే గుచ్చింది.