టూల్ రూమ్‌లో పది నిమిషాలు

నాగబాబు రాయపూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో వెల్డరు. శ్రీకాకుళం నుంచి వచ్చిన తండ్రి కూడా అక్కడే పనిచేశాడు. నాగబాబు పుట్టి పెరిగిందంతా ఆ వర్క్‌షాపు ఉద్యోగులుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనే.

2016 మే నెలలో ఒక మధ్యాహ్నం, వ్యాగన్ కింద వెల్డింగ్ చేస్తుండగా కుడికాలు మొద్దుబారింది. వడదెబ్బ అనుకున్నారు. రెండు వారాలకు చూపు కూడా మసకేసింది. పరీక్షలయ్యాక డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. మందులతో జబ్బు కొంత అదుపులోకి వచ్చినా కాళ్లలో మంట, నిస్సత్తువ పోలేదు. స్నానం చేసి చొక్కా తొడుక్కునేసరికి మంచం మీద వాలిపోయేవాడు. తోటివాళ్లలో కొందరు పనిదొంగ అన్నారు.

డాక్టరు అతన్ని ప్రియదర్శిని అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. రోజూ కళ్లు మూసుకుని పడుకుని, ఊపిరిని గమనిస్తూ, కాలివేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద మనసు నిలపమంది ఆమె. మందులు మానొద్దని, నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం ఆశించొద్దని ముందే చెప్పింది.

"ఊపిరి తియ్యడం కూడా ఒకలు నేర్పాలేటి?" అన్నాడు ఇంటికొచ్చి.

"నెల్రోజులు సెయ్యి. అప్పటికీ పనికిరాదంటే ఒగ్గెయ్," అంది భార్య భాగ్యశ్రీ.

మొదటి రెండు వారాలు కదలకుండా పడుకుంటే మంట ఇంకా ఎక్కువ తెలిసేది. అయినా మానలేదు. మూడో వారంలో ఒక సంగతి గమనించాడు. మంట మొదలవగానే తను పళ్లు బిగించి, భుజాలు పైకి లాగి ఉంచుతున్నాడు. వాటిని వదులు చేస్తే మంట అలాగే ఉన్నా ఒళ్లు అంతగా అలసిపోవడం లేదు. ఆ తర్వాత ప్రియదర్శిని అలుపు రాకముందే విశ్రాంతి తీసుకోమంది. పని ముగించాకే కూర్చోవడం అలవాటైన నాగబాబుకు అన్నిటికంటే కష్టమైనది అదే.

ఈలోగా వైద్య పరీక్షలో వెల్డింగ్‌కు పనికిరాడని తేలింది. ఇంట్లో ఆరామ్‌గా ఉండమని, రిటైర్మెంట్ తీసుకోమని ఆఫీసరు నచ్చజెప్పాడు. నాగబాబు ఒప్పుకోలేదు. పనిముట్లు ఇచ్చిపుచ్చుకునే టూల్ రూమ్‌లో కూర్చునే పని ఇమ్మని, గంటకు పది నిమిషాలు కళ్లు మూసుకోనిమ్మని, ఒక్క వారం చూడమని హిందీలో అడిగాడు. ఆఫీసరు వారానికి ఒప్పుకున్నాడు.

రెండో రోజే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. వేడి తగిలితే ఆ జబ్బు బాధలు ఎక్కువవుతాయి; ఉక్కకు కాలు పట్టు తప్పింది. అందరి ఎదుటే స్టూలు మీద కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టాడు. ఎవరో నవ్వారు. కళ్లు తెరవలేదు. పది నిమిషాల తర్వాత గోడ పట్టుకుని లేచి, వరసలో ఉన్నవాళ్లకు పనిముట్లు అందించాడు. వారం ముగిసేసరికి అతని వల్ల ఒక్క పనీ ఆగలేదు. అతన్ని టూల్ రూమ్‌కు మార్చే కాగితం మీద ఆఫీసరు సంతకం పెట్టాడు.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడు. కొన్ని రోజులు అసలు లేవలేడు. జబ్బు తగ్గిందా అని అడిగినవాళ్లకు ఒకటే చెబుతాడు: "మంట అలాగే ఉంది. దాంతో కొట్లాడ్డం మానేసినాను. ఆ మిగిలిన ఓపికతోటే డ్యూటీ సేస్తన్నాను."

నిరుడు టూల్ రూమ్ బాధ్యత మొత్తం అతనికే అప్పగించారు.